జావ బడి దాటకూడదు

తెల్లవారేసరికే ఫాలెసి బడి వంటపాకలో, పిల్లల కోసం డ్రమ్ములో జావ కలుపుతోంది. తెడ్డు ఆమె ఎత్తు ఉంటుంది. రెండు చేతులా పట్టుకుని అడుగు నుంచి లాగాలి, లేకపోతే మొక్కజొన్న పిండి మాడిపోతుంది. ఎనిమిదేళ్లుగా కలిపీ కలిపీ కుడి భుజం ఎడమదానికన్నా లావెక్కింది. జీతమంటూ లేదు. డ్రమ్ము అడుగంటిన జావ చెక్క మాత్రం వంటమనుషులదే. దాన్ని గోకి, గుడ్డలో మూటగట్టి మనవరాలికి పట్టుకెళుతుంది. ఆ పిల్ల తల్లి సన్నబడే జబ్బుతో పోయి నాలుగేళ్లయింది. ఎయిడ్స్ అన్న మాట ఆ ఊళ్లో నర్సు తప్ప ఎవరూ అనరు.

పిల్లలు పొయ్యిలోకి తలా ఒక కట్టెపుల్ల, తాగడానికి ఒక కప్పు తెస్తారు. పుల్లను బట్టి ఏ ఇంట్లో పెద్దవాళ్లు మిగిలారో ఫాలెసి చెప్పేయగలదు. పదకొండేళ్ల ఎనిఫా పది రోజులుగా చొప్పదంటు తెస్తోంది. పొయ్యిలో పెట్టీపెట్టగానే అది బూడిదవుతుంది.

“ఏమే, మీ పెరట్లో చెట్లకి చొప్పదంట్లే కాస్తాయా?” అంది తోటి వంటమనిషి లెజితా.

“కట్టెలకి కొండకి పోతే చిన్నదాన్ని ఎవరు చూస్తారు పిన్నీ?” అంది ఎనిఫా.

ఆ ఇంట్లో ఇప్పుడు ఆమే పెద్ద. తండ్రి నిరుడు పోయాడు, తల్లి పది రోజుల కిందట. ఆరేళ్ల తమ్ముడు యోసెఫె, నడక నేర్చిన చెల్లెలు మిగిలారు. రోజూ ఎనిఫా కప్పు మీద ఆకు కప్పి, బడి గంట కొట్టేలోపు ఇంటికి పరుగెత్తడం ఫాలెసి చూసీ చూడనట్టు ఊరుకునేది. జావ బడి దాటకూడదు, అది నియమం. ఈ రోజు పిండి పంపే సంఘం వాళ్లు తనిఖీకి వచ్చారు. తాగగానే కప్పులన్నీ బుట్టలో వేయించమని హెడ్మాస్టరు గట్టిగా చెప్పాడు.

ఎనిఫా రెండు గుక్కలు తాగి ఆకు కప్పింది.

“తాగేయ్,” అంది ఫాలెసి.

“తాగాను అమ్మమ్మా.”

“ఎక్కడ తాగావ్? కప్పు నిండుగానే ఉందిగా.”

“నాది తాగాను. ఇది వాళ్లది.”

“ఇవాళ కుదరదు. అంతా తాగి కప్పు ఇచ్చెయ్.”

ఎనిఫా డ్రమ్ము దగ్గరికెళ్లి, మిగిలిందంతా తిరిగి అందులో పోసేసింది. వేలితో కప్పు తుడిచి, ఆ వేలిని నాక్కోకుండా డ్రమ్ము అంచుకే రాసి, కప్పు బుట్టలో పెట్టింది.

“పొగరు చూడు,” అంది లెజితా. ఫాలెసికీ ఒళ్లు మండింది. తిండి మీద అలగడమేమిటనుకుంది.

మధ్యాహ్నం తనిఖీ వాళ్లు వెళ్లాక, చెక్క గోకి గుడ్డలో కడుతుంటే చేతులు ఆగిపోయాయి. ఎనిమిదేళ్లుగా తన మూట బడి దాటుతూనే ఉంది. సిగ్గేసింది ఫాలెసికి. ఈ మూట వాళ్లకే ఇవ్వాలి. అంతేకాదు, తన ఇంట్లో ఇంకో చాప పరవడానికి చోటుంది. ముగ్గుర్నీ తన దగ్గరే ఉంచుకుంటానని వాళ్ల మేనమామను అడగాలి.

అడిగే అవకాశం వెంటనే వచ్చింది. మేనమామ కెఫాసి సైకిలు మీద వచ్చి ఎనిఫాను క్లాసులోంచి పిలిపించాడు.

“మేం ముగ్గురన్నదమ్ములం, అక్క పిల్లలు ముగ్గురు. తలా ఒకరిని తీసుకుంటున్నాం,” అన్నాడు. “చిన్నవాళ్లిద్దరినీ మా తమ్ముళ్లు పొద్దున్నే తీసుకెళ్లారు.”

“విడదీయకు నాయనా. ముగ్గుర్నీ నాకివ్వు.”

“మీది ఏ వంశం అమ్మా?”

“వేరే.”

“మరి పిల్లల్ని వేరే వంశానికి ఇచ్చేస్తే నలుగురూ మా మొహాన ఉమ్మెయ్యరా? నేనే ముగ్గుర్నీ పెంచుదామంటే, పోయిన చెల్లెలి పిల్లలు నలుగురు ఇప్పటికే నా ఇంట్లో ఉన్నారు.” అతని మాటలో కోపం లేదు, అలసటే ఉంది.

“యోసెఫె ఏమన్నా తిన్నాడా మామా?” అంది ఎనిఫా.

“దారిలో ఏదో పెడతారులే. కదిలితేగా వాడు! అక్క జావ తెస్తుందని చెల్లెల్ని ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో మొరాయించాడు. ఎత్తుకుపోవాల్సొచ్చింది.”

ఎనిఫా ఏడవలేదు. వెళ్లి సైకిలు వెనక కూర్చుంది. ఫాలెసి పరుగున వెళ్లి మూట ఆ పిల్ల ఒళ్లో పెట్టింది. ఎనిఫా ముడి విప్పి చూసింది.

“ఇదంతా నా ఒక్కదానికేనా?”

సైకిలు కదిలింది.

లెజితా ఇంటికెళ్లిపోయాక ఫాలెసి ఒక్కతే కప్పులు కడగడానికి కూర్చుంది. బుట్టలో ఎనిఫా పెట్టిన, పిడి విరిగిన నీలం ప్లాస్టిక్ కప్పు చేతికొచ్చింది. లోపల మేకుతో గీసిన రెండు అడ్డగీతలున్నాయి. అడుగు నుంచి కింది గీత దాకా జానెడు చెల్లెలికి సరిపడా. రెండు గీతల మధ్య యోసెఫెది. పై గీతకీ కప్పు అంచుకీ నడుమ ఉన్న చోటులో ఫాలెసి తన వేలు అడ్డంగా పెట్టి చూసింది. ఆ ఒక్క వేలితో అది నిండిపోయింది.