తెర దాటితే ఐదు మార్కులు కోత

"తువ్వాళ్ళు తెచ్చుకోండర్రా, ఈరోజు స్లైడ్లకి మార్కులు!"

వీధి మొదట్లో బడి ఆయా అరుపు వినపడగానే సగం ఇళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. ఆవిడ గొంతు ముందొస్తుంది, ఆవిడ తర్వాత నింపాదిగా వస్తుంది. ఏటా ఇదే వరస. మొదటి బెంచీకి తువ్వాలు, రెండో బెంచీకి గొడుగు, మూడో బెంచీ నుంచి ఎవరి అదృష్టం వాళ్ళది.

సంగతేంటంటే, బడి పైఅంతస్తులో స్లైడ్ల గదని ఒకటుంది. గోడకి తెల్లగుడ్డ తెర వేలాడుతూ ఉంటుంది. పిల్లలు కంప్యూటర్లో స్లైడ్లు తయారుచేసుకొచ్చి, ఆ తెర మీద వేసి, పక్కన నిలబడి మాట్లాడాలి. ఒక్కోసారి తెర మీది బొమ్మ గదిలోకి దిగిపోతుంది. ఏది దిగుతుందో, ఏది దిగదో ఎవరికీ తెలీదు, ఎవరూ అడగలేదు కూడా. దిగితే తుడవాల్సింది ఆయా కాబట్టి ముందుజాగ్రత్తగా ఆవిడ మాత్రం అరుస్తుంది.

ఆ అరుపుకి మేడ మీద స్లైడ్ల టీచరు జడ అల్లడం ఆపింది. కింద వాటాలో కుట్టుమిషను ఆగింది. మిషను కుట్టేది టీచరు తోడికోడలు. అన్నదమ్ముల పెళ్ళాలు, ఒకే ఇల్లు, చెరో ఆడపిల్ల. ఆ పిల్లలిద్దరూ ఒకే తరగతి. టీచరు కూతుర్ని పండు అంటారు, కుట్టుపని ఆవిడ కూతుర్ని గువ్వ అంటారు. పిల్లలకి ఒకరంటే ఒకరికి ప్రాణం. చిక్కంతా పెద్దవాళ్ళతోనే.

కిందటేడు గువ్వ వాన గురించి స్లైడ్లు చేసింది. పాటా లేదు, ఆటా లేదు, నల్లటి అక్షరాలు, వాళ్ళ మేడ మీద వాన పడుతున్న ఫొటో. అంతే, గదిలో కుండపోత. హెడ్మాస్టరు తడిసి ముద్దయ్యి, ఒకపక్క తుమ్ముతూనే ఇంకోపక్క చప్పట్లు కొట్టాడు. తర్వాత పండు వంతు. అంతరిక్షం. అక్షరాలు గిరగిరా తిరిగాయి, గ్రహాలు ఈ మూల నుంచి ఆ మూలకి ఎగిరాయి, స్లైడు మారినప్పుడల్లా ఢమఢమమని మోత. ప్రతి కదలికా టీచరు దగ్గర కూర్చుని నేర్పించిందే. తెర మీంచి చిటికెడు దుమ్మైనా రాలలేదు. హెడ్మాస్టరు "బాగుందమ్మా" అని గడియారం చూసుకున్నాడు.

ఆ గడియారం చూసుకోవడం ఉంది చూశారూ, అది టీచరు గుండెలో ముల్లులా దిగింది. అప్పటినుంచి కింద మిషను చప్పుడు వింటే తల నొప్పి. తోడికోడలు కిటికీకి కొత్త పరదా కడితే కళ్ళ మంట. గువ్వ జుట్టు కాస్త ఒత్తుగా కనపడితే పండుకి నూనె మార్చేసేది. అలా రాజుకుని రాజుకుని, ఒకరోజు భోజనాల బల్ల దగ్గర భగ్గుమంది. పంకా గాలి ఎవరి వైపు ఎక్కువొస్తోందన్నది తగువు.

"మీ వైపే తిరుగుతుంది, దానిక్కూడా మీరంటేనే ఇష్టం" అంది టీచరు.

"పంకాకి ఇష్టాలేంటక్కా, కావాలంటే ఇటొచ్చి కూర్చో" అంది తోడికోడలు.

"నువ్వు జాలిపడి ఇచ్చే గాలి నాకక్కర్లేదు."

అదేమో ఎనిమిది మంది కూర్చునే బల్ల, ఉమ్మడి ఆస్తి. కాబట్టి మర్నాడు అన్నదమ్ములిద్దరూ చెరోవైపూ రంపం పట్టుకుని దాన్ని నడిమికి కోశారు. మధ్యలో అలిసిపోయి ఒకే చెంబులో నీళ్ళు తాగి, మళ్ళీ కోశారు. కోశాక గానీ వాళ్ళకి వెలగలేదు, ఒక్కో ముక్కకి రెండే కాళ్ళున్నాయని. ఒక ముక్క మేడ మీద గోడకి ఆనింది, ఇంకోటి కింద కిటికీకి ఆనింది. రెండూ కాస్త వాలుగానే ఉండేవి. కూర గిన్నె జారి ఒళ్ళో పడకుండా ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో తినడం రెండిళ్ళకీ అలవాటైపోయింది. మళ్ళీ కలిపేద్దామని ఎవరైనా అన్నారా అంటే, లేదు.

ఈ ఏడు పందెం ఇంకా పెద్దది. ఎక్కువ మార్కులొచ్చిన స్లైడ్లు తరగతికి ఒకటి చొప్పున నగరంలో జరిగే పోటీకి వెళ్తాయి. మార్కులు వేసేది టీచరే. మార్కుల కాగితం తయారుచేసేదీ ఆవిడే. అక్షరాలకి పది, బొమ్మలకి పది, మాటకి పది, కదలికలకి పది, సంగీతానికి పది. గువ్వకి కదలికలూ రావు, సంగీతమూ రాదని తెలిసే వేసిన లెక్క అది. ఆ పైన అడుగున ఒక రూలు చేర్చింది: బొమ్మ తెర దాటితే ఐదు మార్కులు కోత. ఎందుకంటే క్రమశిక్షణ అంది. హెడ్మాస్టరు చదవకుండానే సంతకం పెట్టాడు. పైకి అలా రాసింది గానీ, పండు స్లైడులోంచి కాస్త పొగైనా బయటికొస్తే ఆ రూలు అక్కడికక్కడే కొట్టేయడానికి కలం సిద్ధంగానే పెట్టుకుంది.

పొగెందుకంటారా? పండు చేత చేయించింది అగ్నిపర్వతం మరి.

"నేను మన బల్ల గురించి చేస్తానమ్మా, ఫొటో కూడా తీశాను" అంది పండు మొదట్లో.

"బల్లేంటే, చెక్కముక్క. అగ్నిపర్వతమైతే ఒక దర్జా ఉంటుంది. తీసెయ్ ఆ ఫొటో."

పండు తీసెయ్యలేదు, దాచింది. స్లైడుని దాచే వీలుంది కంప్యూటర్లో. అక్కడే ఉంటుంది, తెర మీదికి మాత్రం రాదు. ఆ కిటుకు నేర్పింది కూడా వాళ్ళమ్మే.

సరే, బడికొద్దాం. తువ్వాళ్ళు కప్పుకుని అందరూ కూర్చున్నారు. ఒక పిల్లాడి పిల్లికూన తెర దిగొచ్చి ఆయా చీపురు మీద పడుకుంది, ఐదు కోత. ఇంకో పిల్ల విమానాలు చూపించింది, ఒక్కటీ ఎగరలేదు, కోత లేదు. పండు అగ్నిపర్వతం ఢామ్మని పేలింది, ఎర్రగా పొంగింది, అక్షరాలు నిప్పురవ్వల్లా రాలాయి. టీచరు తెర కింది అంచు వంకే చూస్తూ కూర్చుంది. పొగ లేదు, సెగ లేదు. నలభై ఎనిమిది వేసింది. తక్కువైన ఆ రెండూ ఎవరికీ అనుమానం రాకూడదని తగ్గించినవి.

ఆఖర్న గువ్వ లేచింది. తెర మీద నల్లటి అక్షరాలు: మా బల్ల.

"ఇది మేము అన్నం తినే బల్ల. దీనికి రెండే కాళ్ళు. మా నాన్న వైపు కూర్చుంటే గిన్నె జారుతుంది, అందుకని అటు అమ్మ కూర్చుంటుంది" అని గువ్వ చెప్తుండగానే తెరలోంచి ఒక కాలు దిగింది, వెనకే ఇంకో కాలు, ఆపైన పలక. సగం బల్ల గదిలో నిలబడింది. ఆనుకోవడానికి గోడ లేదాయె, ఊగి, టీచరు వైపే ఒరిగింది. పండు బెంచీ మీంచి ఒక్క ఉరుకున వచ్చి భుజం పెట్టింది.

"తర్వాతి స్లైడు చెప్పనా పెద్దమ్మా... కాదు, టీచర్?" అంది గువ్వ.

"తొందరగా చెప్పవే, బరువుగా ఉంది" అంది పండు.

టీచరు కడుపు భగభగ మండింది. చెక్కముక్క, వట్టి చెక్కముక్క కూడా ఆ పిల్లకే దిగాలా? కాగితం మీద కోత రాయబోయింది. అప్పుడు పలక అంచున నల్లటి మచ్చ కనపడింది. అరచందమామలాంటి కాలిన గుర్తు. తోడికోడలు కాపరానికొచ్చిన కొత్తల్లో టీచరే పొయ్యి మీది గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టేసింది. ఇంట్లో అందరూ ఎవరు పెట్టారని అడుగుతుంటే, ఆ కొత్తకోడలు నోరు తెరిచి, నేనే పెట్టాను అంది. రంపం సరిగ్గా ఆ మచ్చ మీంచే వెళ్ళింది. రెండో సగం మేడ మీద ఉంది, టీచరు దాన్ని గోడ వైపుకి తిప్పి పెట్టుకుంది.

"అమ్మా, నావింకా అయిపోలేదు" అంది పండు, బల్ల కింద నుంచి. "ఒకటుంది. దాచాను."

"నీ వంతు అయిపోయిందిగా."

"అయిపోయిందనుకో. అయినా ఉంది."

వంతు అయ్యాక మళ్ళీ చూపించకూడదు, అది మాత్రం పాత రూలే. నలభై ఎనిమిది వచ్చాయి, పోటీ చేతిలో ఉంది. టీచరు కూతురి ముఖం చూసింది, ఎర్రగా కందిపోయి ఉంది, అయినా భుజం తియ్యట్లేదు. లేచి వెళ్ళి తనే మీట నొక్కింది.

మేడ మీది ముక్క తెర మీద కనపడింది. పాటా లేదు, తిరగడాలూ లేవు. "ఇది మిగతాది" అంది పండు. మిగతాది దిగింది. నింపాదిగా వచ్చి మొదటిదాని పక్కన చేరింది, మచ్చ గుండ్రంగా కలిసింది. ఆయా తడిగుడ్డ పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి తుడిచింది. రంపం గాటు దొరకలేదు.

టీచరు కాగితం ఆ బల్ల మీదే పెట్టుకుని అడుగున రూలు కొట్టేసింది. పిల్లికూన పిల్లాడికి ఐదూ తిరిగిచ్చింది. అగ్నిపర్వతం కొట్టేసి, రెండు పేర్లూ ఒకే వరసలో రాసింది: మా బల్ల, ఇద్దరూ కలిసి. హెడ్మాస్టరు ఈసారీ చదవకుండానే సంతకం పెట్టాడు. అలా పోటీకి ఇద్దరూ ఎంపికయ్యారు.

మధ్యాహ్నం గంట కొట్టేసరికి అన్నదమ్ములు రొప్పుతూ వచ్చారు, వెనక కుట్టుపని ఆవిడ, చేతుల్లో రెండిళ్ళ గిన్నెలు.

"గిన్నెలు నేల మీదున్నాయి, బల్లే లేదు. పైనా లేదు, కిందా లేదు" అన్నాడు టీచరు మొగుడు. అంతలో బల్ల చూసి, కాసేపు తల గోక్కున్నాడు. ఇద్దరూ కలిసి ఎత్తారు, అటు తిప్పారు, ఇటు తిప్పారు. తలుపులోంచి పట్టలేదు.

"మళ్ళీ నడిమికి కోస్తే గానీ రాదు వదినా" అన్నాడు తమ్ముడు. బల్ల మాయమైతే అది స్లైడ్ల గది పనే అయ్యుంటుందని సంచీలో రంపం తెచ్చుకునే వచ్చాడు.

"రంపం బయట పెట్టి చేతులు కడుక్కో" అంది టీచరు. తోడికోడలి వంక చూడకుండానే కుర్చీ ఒకటి లాగింది. "అటు పంకా కింద కూర్చో. మిషను కుట్టి కుట్టి చెమట పట్టావు."

"నువ్వూ ఇటే రా అక్కా, చోటుంది."

అందరూ కూర్చున్నారు, ఆయాని కూడా కూర్చోబెట్టారు. తోడికోడలు వండిన కూర ముందు ఖాళీ అవుతోంది, పొద్దున తను వండింది అలాగే ఉంది. టీచరు అది చూడనే చూసింది. మూతి కాస్త వంకర తిరిగింది కూడా. తర్వాత తోడికోడలి గిన్నె తన వైపు లాక్కుని, అడుగున ఉన్నదంతా వడ్డించుకుంది.

తింటూ తింటూ పండు కిసుక్కున నవ్వింది. చూస్తే ఇంటివాళ్ళంతా ఎడమచేత్తో గిన్నెలు పట్టుకునే తింటున్నారు. ముందు గువ్వ వదిలింది, తర్వాత పండు, ఆఖర్న టీచరు. ఏ గిన్నే జారలేదు.