అనుమతి లేని పని

రాధారాణి ఆంటీ లాప్‌టాప్ పట్టుకొచ్చిన రోజు స్మృతికి ఒంట్లో బాగాలేదు. జ్వరమా అంటే కాదు, జలుబా అంటే అదీ కాదు. అమెరికాలో, ఈ పార్సిప్పనీలో మబ్బు పట్టిన ప్రతిరోజూ ఆమెకి ఒంట్లో బాగాలేనట్టే ఉంటుంది, మబ్బేమో ఒక పట్టాన వదలదు.

పెళ్ళికి ముందు ఆమె వైజాగ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఇంకొకరు రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టడమే ఉద్యోగం, అందులో ఆమెది డేగ కన్ను. ఇక్కడ ఆమెది భర్త అనీష్ వీసాకి తోకలా వచ్చిన వీసా. దాని మీద ఉండొచ్చు, తినొచ్చు, కారు నడపొచ్చు. ఉద్యోగం మాత్రం చేయకూడదు. గ్రీన్‌కార్డ్ పని కాస్త ముందుకు జరిగితే ఆమెకీ వర్క్ పర్మిట్ వస్తుందట. ఆ పని నత్తనడకన సాగుతోంది, అదీ నత్తకి ఓపిక ఉన్నప్పుడు.

"అమ్మాయ్, ఇదింక పనికిరాదట. మావాడు కొత్తది కొంటానంటున్నాడు. నాకెందుకు చెప్పు కొత్తది? ప్రవచనాలు వినడానికీ, పేపరు చదవడానికీ ఇది చాలదూ? నువ్వు కంప్యూటర్ చదువుకున్నావుగా, ఓసారి చూడమ్మా" అంది ఆంటీ. ఎదురు అపార్ట్‌మెంట్‌లో కొడుకు దగ్గరికి వచ్చి ఉంటోందావిడ. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటుంది గానీ తెలుగు అయితే గడగడా చదివేస్తుంది.

లాప్‌టాప్ నిక్షేపంలా ఉంది. అందులోని పాత విండోస్‌కి కాలం చెల్లింది, కొత్తది వేద్దామంటే ఈ ముసలి మెషీన్ మోయలేదు. అంతే జబ్బు. లినక్స్ వేస్తే నడుస్తుందని యూట్యూబ్‌లో ఎవరో చెప్పారు. స్మృతికి ఆ పేరు కొత్త కాదు. వైజాగ్ ఆఫీసులో నల్లటి స్క్రీన్ ముందు కూర్చుని ఎవరితోనూ మాట్లాడని కుర్రాళ్ళ వ్యవహారం అది. డబ్బు కట్టక్కర్లేదని విన్నాక ఆమెకి ఉత్సాహం రాలేదు, అనుమానం వచ్చింది. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకం కాదామె.

అయినా పగలంతా ఇంట్లో చేసేదేముంది? కూతురు దియని స్కూల్ బస్సు ఎక్కించి వచ్చి చదవడం మొదలుపెట్టింది. చదివేకొద్దీ ఒక్కటొక్కటే బోధపడింది. లినక్స్ ఒక కంపెనీ సొత్తు కాదు. లోపల కెర్నల్ అని ఒకటుంటుంది, మెషీన్‌తో పని చేయించేది అదే. దాన్ని తీసుకుని ఎవరికి నచ్చిన హంగులు వాళ్ళు చేర్చి, తలో పేరూ పెట్టి వదులుతారు. పిండి ఒకటే, ఇడ్లీ వేసుకునేవాళ్ళు ఇడ్లీ, దోసె వేసుకునేవాళ్ళు దోసె. రాసిన కోడ్ అంతా బయటే ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చింది మళ్ళీ నలుగురికీ పంచొచ్చు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, మెషీన్‌లో ఉన్నదాన్ని కదపకుండా ముందు రుచి చూడొచ్చు కూడా. ఆంటీ ఫొటోలన్నీ వేరేచోట దాచి, రుచి చూసి, నచ్చాక అప్పుడు ఎక్కించింది. మూలుగుతున్న లాప్‌టాప్ లేచి కూర్చుంది.

భాష తెలుగులోకి మార్చి ఇచ్చింది. మర్నాడే ఆంటీ కంగారుగా తలుపు కొట్టింది.

"ఇదేమిటే, పోలీసు నోటీసులా ఉంది? నేనేం తప్పు చేశాను?"

స్క్రీన్ మీద ఇలా ఉంది: 'అభ్యర్థిత చర్య నిర్వహణాధికార అనుమతి లేనిదే నిర్వర్తింపబడజాలదు.'

స్మృతికి నవ్వొచ్చింది. పాస్‌వర్డ్ అడుగుతోంది, అంతే. నవ్వుతూనే ఇంకోసారి చదివింది. ఈసారి నవ్వు రాలేదు. అనుమతి లేదన్న మాట ఆమె ఈ దేశంలో చాలా కాగితాల్లో చదివి ఉంది.

"ఎవరు రాశారో గానీ చీవాట్లు పెట్టాలి" అంది ఆంటీ.

"చీవాట్లెందుకు ఆంటీ, మనమే దిద్దొచ్చట" అంది స్మృతి. అన్నాక గానీ ఆ మాట ఎంత పెద్దదో ఆమెకి తెలియలేదు.

వెతికితే దొరికింది. ఆ తెలుగు వాక్యాలన్నీ చూసుకునేది రంగయ్య అని హన్మకొండలో ఒక లెక్చరర్. మొదట ఒక వాక్యం దిద్ది పంపింది. తీసుకున్నారు. ఇంకొన్ని పంపింది. ఆ చలికాలమంతా ఆమె పగళ్ళు అలాగే గడిచాయి. వాక్యం పట్టుకోవడం, పైకి చదవడం, ఆంటీ అయితే దీన్ని ఎలా చదువుతుందో ఊహించుకోవడం. డేగకి మళ్ళీ కన్నొచ్చింది. మబ్బు పట్టిన రోజుల్లోనూ ఒంట్లో బాగానే ఉంది.

కొత్త వెర్షన్ విడుదలైనప్పుడు సాయం చేసినవాళ్ళ పేర్లు పెట్టారు. అందులో ఆమె పేరు ఉంది. భార్యగా కాదు, తల్లిగా కాదు, ఫలానావారి డిపెండెంట్‌గా కాదు. ఒట్టి స్మృతిగా. ఆమె ఏడ్చింది. ఏడ్చినందుకు సిగ్గుపడి, మొహం కడుక్కుని, అనీష్ ఆఫీసు నుంచి రాగానే టీతోపాటు ఫోన్ కూడా చేతికిచ్చింది.

"చూడు. నా పేరు."

అనీష్ చూశాడు. టీ పక్కన పెట్టేశాడు.

"ఇది వర్క్ కిందకి వస్తుందా?"

"డబ్బులేం ఇవ్వరు."

"అది కాదు స్మృతి. అమెరికాలో కూర్చుని చేశావు, పబ్లిక్‌గా పేరుంది. రేపు వీసా స్టాంపింగ్‌కి వెళ్ళినప్పుడు ఎవడైనా గూగుల్ చేస్తే? అసలే మా టీమ్‌లో లేఆఫ్‌లంటున్నారు."

అతన్ని తిట్టుకోవడానికి లేదు. భయం అతని సొంతం కాదు, ఆ కాంప్లెక్స్‌లో ప్రతి ఇంటికీ మెయింటెనెన్స్‌తోపాటు వచ్చేదే. 'మా ఫ్రెండ్ వాళ్ళ వైఫ్' అని పెట్టి వాట్సాప్ గ్రూప్‌లో అడిగాడు. తలో మాట అన్నారు. జీతం లేకపోతే వర్క్ కాదన్నాడొకడు. జీతం లేకపోయినా వర్కేనన్నాడు ఇంకొకడు, వాళ్ళ కొలీగ్ కజిన్‌ని ఇంటర్వ్యూలో అడిగారట. 'ఎందుకొచ్చిన రిస్క్ మామా, తీసేయమను' అన్నాడు మూడోవాడు. గ్రీన్‌కార్డ్ పని చూస్తున్న లాయర్ అవుననీ కాదనీ చెప్పకుండా, దూరంగా ఉంటే మంచిదని రాశాడు.

"ఇన్నేళ్ళు ఆగాం. దీనికోసం పోగొట్టుకుంటామా?" అన్నాడు అనీష్. అతని గొంతులో కోపం లేదు, అలుపుంది. అదే ఆమెని ఓడించింది.

తన పేరు తీసేయమనీ, ఇక పంపలేననీ రంగయ్యకి రాసింది. కారణం రాయలేదు. ఆయన వాయిస్ మెసేజ్ పెట్టాడు. "జర బాధనిపించింది గని, వచ్చే వెర్షన్ల పేరు తీసేస్తనమ్మా. వాక్యాలు మటుకు తియ్య. అవి ఇగ నీయి గావు, నాయి గావు, అందరియి."

వసంతం వచ్చింది, పేరు పోయింది. స్మృతి మళ్ళీ మబ్బుల్ని లెక్కచేయడం మొదలుపెట్టింది.

ఒక శనివారం మధ్యాహ్నం ఆంటీ, కొత్త వెర్షన్ దానంతటదే ఎక్కిన లాప్‌టాప్‌తో వచ్చింది. అనీష్ డైనింగ్ టేబుల్ దగ్గర ఆఫీసు పని చేసుకుంటున్నాడు. ఆవిడ సోఫాలో కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, స్క్రీన్ మీద వచ్చింది పైకి చదివింది.

"'ఈ పనికి పాస్‌వర్డ్ కావాలి. తెలియకపోతే కంగారు పడకండి. ఈ కంప్యూటర్‌ని చూసుకునేవాళ్ళని అడగండి.' అబ్బ, పాడు నోటీసు పోయిందే! ఎవరో తల్లి, ఇంట్లో మనిషి చెప్పినట్టు రాసింది. వాళ్ళ పేరుంటుందా ఇందులో?"

అనీష్ వేళ్ళు కీబోర్డ్ మీద ఆగిపోయాయి.

"ఉండదు ఆంటీ" అంది స్మృతి. ఆ మాట అక్కడితో ఆగలేదు. "ఉండేది. తీయించేశాను. అది రాసింది నేనే."

ఓరగా తెరిచి ఉన్న వీధి తలుపుని అనీష్ గబుక్కున లేచి వెళ్ళి మూశాడు.

"అదేమిటి నాయనా, ఇంట్లో దొంగతనం జరిగినట్టు తలుపేస్తున్నావు?" అంది ఆంటీ.

అతను గొళ్ళెం మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. తర్వాత వచ్చి ఆంటీ వెనక నిలబడి, వంగి, స్క్రీన్ మీది వాక్యాలు చదివాడు. ఆ రోజు అతను పేరు చూశాడు గానీ, ఆమె రాసింది ఒక్క ముక్క కూడా చదవలేదు.

"బాగుంది" అన్నాడు, గొంతు తగ్గించి.

స్మృతి లేచి వెళ్ళి తలుపు బార్లా తెరిచింది.

"ఇప్పుడను" అంది.