మూడో రెక్క

ఆర్డెన్ ఫ్రీసెన్ పేరు తెలియనివాళ్లు ఉండవచ్చు గానీ, వాడి రాత చూడనివాళ్లు పశ్చిమ కాన్సస్‌లో ఉండరు. మా వైపు గోధుమల గోదాముల మీద ఊరి పేర్లు రాసింది వాడే. నూట ఇరవై అడుగుల ఎత్తున, తాళ్లకు వేలాడదీసిన పలక మీద కూర్చుని, గాలి ఊపుతుంటే ఊగుతూ మనిషికి రెండింతలున్న అక్షరాలు రాసేవాడు. కింద నుంచి చూస్తే అచ్చు వేసినట్టుండేవి.

వాడూ నేనూ ఒకే బడిలో, ఒకే తరగతిలో చదివాం. వాడు గోదాముల పైన బతికాడు, నేను కింద బతికాను. లారీలు తూచడం, గోధుమల్లో తేమ ఎంతుందో చూడడం, ఎక్కువుంటే వెనక్కి పంపడం ముప్పైయొక్క ఏళ్లు నా ఉద్యోగం. సొంత బావమరిది లారీని కూడా తిప్పి పంపానని ఊళ్లో చెప్పుకుంటారు. నిజమే. రెండుసార్లు పంపాను. అందుకే మా ఊళ్లో రాకెట్ల క్లబ్బు పెట్టినప్పుడు అందరూ కలిసి తనిఖీ బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టారు.

క్లబ్బంటే తొమ్మిది మందిమి. నెలకో శనివారం బర్డెట్ అనే రైతు చేలో కలిసేవాళ్లం. పిల్లలు పెరట్లో ఎగరేసే వాటికన్నా పెద్దవి, ప్రభుత్వం దగ్గర కాగితాలు తెచ్చుకోవాల్సిన వాటికన్నా చిన్నవి మా రాకెట్లు. పెట్టెలో విడిభాగాలు వస్తాయి. దళసరి అట్ట గొట్టం, ప్లైవుడ్ రెక్కలు, ప్లాస్టిక్ ముక్కు, నైలాన్ పారాచూట్. గొట్టానికి గాట్లు ఉంటాయి. రెక్కను ఆ గాటులోంచి లోపలికి దూర్చి, లోపలి మోటారు గొట్టానికి ఎపాక్సీ జిగురుతో అతికించాలి. సరిగ్గా అతికితే మోటారు మండగానే కొద్ది సెకన్లలో వెయ్యి అడుగులు దాటుతుంది. సరిగ్గా అతకకపోతే ఎటు పోతుందో దానికే తెలియదు. అందుకే ఎవరి రాకెట్టయినా ముందు నా బల్ల మీదికి రావాలి. రెక్కలు పట్టి కదిపి చూసి, చీటీ మీద నేను సంతకం పెడితేనే అది ఎగరేయడానికి నేలలో నిలబెట్టిన ఇనుప ఊచ మీదికి ఎక్కుతుంది.

ఆర్డెన్ రాకెట్లలో వంక పెట్టడానికి ఏమీ ఉండేది కాదు. రెక్క గొట్టంలోంచి మొలిచినట్టుండేది. అతుకు ఎక్కడుందో వేలికి కూడా తెలిసేది కాదు.

నాలుగేళ్ల కిందట వాడి కుడిచేతి బొటనవేలు వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ అన్నారు. మొదట్లో నవ్వాడు. "ఇక నుంచి ఏ ఊరి పేరు రాసినా ఆ ఊరు చలికి వణుకుతోందనుకుంటార్రా," అన్నాడు. చివరి పనిగా అగ్నిమాపక బండి తలుపు మీద అక్షరాలు రాశాడు. అవి బాగాలేవని ఎవరూ అనలేదు. నెల తిరిగేసరికి ఎవరో చడీచప్పుడు లేకుండా వాటి మీద స్టిక్కరు అంటించారు. ఎప్పటిలాగే మంగళవారం ఇద్దరం హోటల్లో కాఫీకి కూర్చున్నప్పుడు కిటికీలోంచి ఆ బండి వెళ్లడం వాడూ చూశాడు, నేనూ చూశాను.

కిందటి శీతాకాలం వాడు నాలుగడుగుల రాకెట్టు పెట్టె ఒకటి తెప్పించుకున్నాడు.

జనవరిలో చూడటానికి వెళ్లాను. గ్యారేజీలో హీటరు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక రెక్కకు ఉప్పుకాగితం రుద్దుతున్నాడు. రుద్దుతున్నాడా, చెయ్యే వణుకుతోందా అన్నది చూస్తే తెలియడం లేదు. గొట్టం బల్ల మీద దొర్లిపోతుంటే పట్టుకోబోయాను.

"చెయ్యి తియ్యరా."

"పడిపోద్దిరా."

"పడితే ఒంగి తీసుకుంటా. నువ్వు పట్టుకున్నావంటే అది నీ రాకెట్టు. నాకు నీ రాకెట్టెందుకు? వంకర టింకరగా..."

వాడి భార్య నోలా గుమ్మంలో నిలబడి ఉంది. "నన్నూ అంతే. జిగురు మూత తియ్యడానికి నిన్న ముప్పావుగంట పట్టింది. తీస్తానంటే కరిచినంత పని చేశాడు."

"తీశానా లేదా?"

"తీశావు మహానుభావా. జిగురంతా ప్యాంటు మీద పోసుకున్నావు."

మాత్ర వేసుకున్నాక ఒక గంట సేపు వాడి చెయ్యి కాస్త మాట వినేది. రోజుకి ఆ ఒక్క గంటే. ఆ గంటలో ఎపాక్సీ కలపాలి, అది గట్టిపడేలోగా రెక్కను గాటులో దూర్చాలి, నిటారుగా పట్టుకోవాలి. ఆరోగ్యంగా ఉన్నవాడికి ఒక ఆదివారం పని. వాడికి నాలుగు నెలలు పట్టింది.

ఏప్రిల్లో నా బల్ల మీదికి తెచ్చాడు. ఎర్ర రంగు వేశాడు. రంగు అక్కడక్కడ కారింది. మొదటి రెక్క పట్టి చూశాను, గట్టిగా ఉంది. రెండోది కొంచెం వాలింది గానీ గట్టిగానే ఉంది. మూడోది పట్టుకుంటే నా వేళ్ల మధ్య కదిలింది. పైన జిగురు నిండుగానే ఉంది. లోపల మోటారు గొట్టం దాకా అందలేదు.

"కదులుతోందిరా," అన్నాను.

"ఎంత?"

"గోరు మందం."

"నీ గోరా, నా గోరా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వాలో వద్దో తెలియక నిలబడ్డారు. బర్డెట్ దగ్గరికొచ్చి, "చిన్న మోటారు పెట్టి పంపిద్దాంలే డ్వేన్. ఇవాళ గాలి కూడా లేదు," అన్నాడు.

"కుదరదు."

"అదికాదు, ఆయన ఇంత కష్టపడి..."

"కుదరదన్నానుగా. రెక్క ఊడితే చిన్న మోటారయినా మనుషుల మీదికే వస్తది."

బర్డెట్ మొహం మాడ్చుకున్నాడు. ఆర్డెన్ మాత్రం రాకెట్టు చంకలో పెట్టుకుని, "చూశావా బర్డెట్, వీడు గోధుమలకే కాదు, నాక్కూడా తేమ చూస్తాడు," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. జబ్బు చేశాక వాడి మొహంలో కండరాలు బిగుసుకుపోయి నవ్వు కనబడడం మానేసింది. కళ్లలో వెతుక్కోవాలి. ఆ రోజు కళ్లలో ఉంది.

మర్నాడు నోలా ఫోన్ చేసింది. "దారి పొడుగునా నిన్ను తిడుతూనే ఉన్నాడు. ఏడాదైంది ఆ గొంతు విని. అందరూ ఆయన్ని గాజు సామానులాగా పట్టుకుంటున్నారు డ్వేన్. చర్చిలో వాళ్లూ అంతే, మా చెల్లీ అంతే. నువ్వొక్కడివే 'పో అవతలికి' అన్నావు." ఆమె నవ్విందో ఏడ్చిందో నాకు సరిగ్గా తెలియలేదు.

ఆ రెక్కను బాగుచేయడం వాడు మే నెలలో మొదలుపెట్టాడు. పాత జిగురు పక్కన సన్నటి రంధ్రాలు వేసి, సిరంజితో కొత్త జిగురు లోపలికి ఎక్కించాలి. మంచి పద్ధతే. కానీ ఆ నెలలోనే రెండుసార్లు పడ్డాడు. రెండోసారి తుంటి విరిగింది. మందు మార్చారు. కొత్త మందు వల్ల అక్కడ లేనివి కనబడటం మొదలైంది. ఒకరోజు నేను వెళ్లేసరికి, మూల నిలబడ్డ పిల్లిని తోలెయ్యమన్నాడు. వాళ్లింట్లో పిల్లి లేదు. చెయ్యి మాట వినే ఆ గంట ముప్పావుగంట అయింది. తరువాత అరగంట అయింది.

జులై శనివారానికి రెండు రోజుల ముందు నోలా మళ్లీ ఫోన్ చేసింది.

"సెప్టెంబరులో ఆయన్ని వృద్ధుల హోములో చేర్చాలంటున్నారు డాక్టర్లు. ఆయన్ని లేపడం నా వల్ల కావడం లేదు డ్వేన్. మొన్న స్నానం చేయిస్తుంటే ఇద్దరం పడ్డాం."

"అయ్యో."

"రాకెట్టు అయిందంట. శనివారం తీసుకొస్తాను." వెంటనే అంది, "నేనేమీ అడగడం లేదు. ఊరికే చెప్తున్నా."

"తెలుసు నోలా."

ఆ శనివారం ఎండ మాడ్చేస్తోంది. కోత అయిన గోధుమ మోడులు బూట్ల కింద పెళపెళమంటున్నాయి. నోలా చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది. కుర్చీలో ఆర్డెన్, వాడి ఒళ్లో రాకెట్టు. ఆరు నెలల్లో మనిషి సగమయ్యాడు. సాధారణంగా ఎవరి రాకెట్టు మీదయినా ఒక పేరుంటుంది. దీని మీద ఏమీ లేదు.

"పేరేం రాయలేదేంట్రా?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"ఏం చేత్తో రాయమంటావు?" అన్నాడు. మాట నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది.

రాకెట్టు బల్ల మీద పెట్టుకున్నాను. మొదటి రెక్క, రెండో రెక్క. మూడోది రెండు వేళ్లతో పట్టి కదిపాను. ఏప్రిల్లో కదిలినంత కదల్లేదు. కానీ లోపలెక్కడో టిక్కుమని చిన్న చప్పుడు వేలికి తెలిసింది. జిగురు కొంత పట్టింది, కొంత పట్టలేదు. ఇంకెవరిదయినా అయితే రెండో ఆలోచన లేకుండా వెనక్కిచ్చేవాణ్ని. ఆర్డెన్ నా మొహం చూడడం లేదు, నా వేళ్లనే చూస్తున్నాడు. వాడి వెనక నోలా ఆకాశంలోకి చూస్తోంది. క్లబ్బులో తక్కినవాళ్లంతా పనేదో ఉన్నట్టు అటు తిరిగారు.

ఈసారి వెనక్కి పంపితే వచ్చే నెలకి వాడు మళ్లీ బాగుచేయలేడు. అదొక్కటే నా బుర్రలో తిరిగింది.

"బాగుంది," అన్నాను. చీటీ మీద సంతకం పెట్టాను.



రాకెట్టును ఊచకు ఎక్కించి, మోటారులో నిప్పంటించే తీగ నేనే పెట్టాను. బర్డెట్ అందర్నీ వెనక్కి జరిపాడు. మీట ఆర్డెన్ చేతికిచ్చాం. బర్డెట్ అయిదు నుంచి వెనక్కి లెక్కపెట్టాడు. ఆర్డెన్ బొటనవేలు మీట మీద వణికి వణికి ఒకటి దాటిపోయాక గానీ నొక్కలేదు. ఆ తరువాత ఒక్కసారిగా బుస్సుమని లేచింది. నేరుగా, ఎంతో అందంగా లేచింది. క్షణంపాటు నేను చేసిన పని మంచిదే అనుకున్నాను.

రెండు వందల అడుగుల దగ్గర మూడో రెక్క ఊడిపోయింది. ఎర్రటి ముక్క గిరగిరా తిరుగుతూ ఒక పక్కకు పోయింది. మోటారు ఇంకా మండుతూనే ఉంది. రాకెట్టు అడ్డంగా తిరిగి, పిల్లిమొగ్గలు వేసి, ముక్కు కిందికి పెట్టి మా వైపే వచ్చింది. "పైకి చూడండి, పైకి చూడండి!" అని బర్డెట్ అరుస్తున్నాడు. అందరూ పరుగెత్తారు. నోలా కుర్చీ లాగింది. చక్రానికి బ్రేకు వేసి ఉంది, రాలేదు. ఆమె పారిపోలేదు. ఆర్డెన్ తల మీద వంగి తన ఒళ్లు అడ్డం పెట్టింది.

వాళ్లకు ఎనిమిది అడుగుల దూరంలో నేలకు కొట్టుకుంది. గొట్టం చీలిపోయింది. పారాచూట్‌ను బయటికి తోసే మందు నేల మీదే పేలింది, ఎండు మోడులు అంటుకున్నాయి. తడిగోనెలు, పారలు పట్టుకుని అయిదారుగురం కొట్టి కొట్టి ఆర్పాం. ఒక గదంత మేర కాలింది. ఎవరికీ దెబ్బ తగలలేదు.

మసి చేతులతో వాళ్ల దగ్గరికి వెళ్లాను.

"కదిలిందా?" అన్నాడు ఆర్డెన్.

చేతుల మసి ప్యాంటుకి తుడుచుకున్నాను.

"ఒరేయ్. నీ వేళ్లు చూశాను. మూడోదాని దగ్గర ఆగినయి. కదిలిందా లేదా?"

"కదిలింది."

ఈమధ్య వాడికి మాట రావడానికి చాలాసేపు పడుతుంది, కాబట్టి వెతుక్కుంటున్నాడనుకున్నాను.

"నోలా ఇక్కడుంది," అన్నాడు చివరికి. "నోలా నా పక్కనుంది, నువ్వు సంతకం పెట్టావు."

"వచ్చే నెల నువ్వు..."

"వెనక్కిస్తే ఏమయ్యేది? ఇంటికెళ్లేవాణ్ని. అంతేగా. ఇంటికెళ్లి నిన్ను తిట్టుకునేవాణ్ని." కళ్లు నా మీంచి తీసేశాడు. "నువ్వు కూడా అందరిలాగే మొదలెట్టావన్నమాట."

నోలా బ్రేకు తీసి కుర్చీ తిప్పింది. నా పక్కనుంచి వెళ్తూ, "నేను అడగలేదు డ్వేన్," అంది మెల్లగా.

"అడగలేదు."

"అడగలేదని నాకు నేను చెప్పుకోవాలిగా," అంది. చెప్పుకోలేకపోతోందని ఆమె మొహం చూస్తేనే తెలిసింది.

ఆ సాయంత్రమే తనిఖీ పుస్తకం బర్డెట్‌కి ఇచ్చేశాను. వద్దనలేదు. అతను కూడా ఏప్రిల్లో తానన్న మాట గుర్తు తెచ్చుకుంటున్నాడేమో, నా వైపు చూడలేకపోయాడు.

సెప్టెంబరులో ఆర్డెన్‌ని హోములో చేర్చారు. ప్రతి గురువారం మధ్యాహ్నం వెళ్తున్నాను. మొదటిసారి వెళ్లినప్పుడు తిడతాడనుకున్నాను. తిట్టించుకోవాలనే వెళ్లాను. క్షమించమని అడిగాను కూడా. "దాందేముంది డ్వేన్, పర్వాలేదు," అన్నాడు. "వచ్చినందుకు సంతోషం." అంతే. బడి రోజుల నుంచి వాడు నన్ను ఒరేయ్ అనకుండా పిలిచింది అదే మొదలు. ఇప్పుడు ఎప్పుడూ అలాగే పిలుస్తాడు. నర్సులతో ఎలా మాట్లాడతాడో నాతోనూ అలాగే మాట్లాడతాడు. వాన పడిందా అంటాడు. రోడ్డు బాగుందా అంటాడు. చెప్తాను. మళ్లీ వాన పడిందా అంటాడు.

నవంబరుకల్లా ఆ రెండు ప్రశ్నలు కూడా తగ్గిపోయాయి. ఒక గురువారం కాసేపు కూర్చుంటే ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు. లేచి కోటు తొడుక్కుని వచ్చేస్తుంటే, అప్పుడే ఇంటికి బయల్దేరుతున్న నోలా వరండాలో కలిసింది. ఇక రాకపోతేనే వాడికి నయమేమో అన్నాను.

"ఆయన నీ కోసం చూస్తుంటాడని నీకు అబద్ధం చెప్పను," అంది. "చూడడు. నా కోసం కూడా చూడడు. కానీ గురువారం నువ్వు కూర్చుంటే నేను ఇంటికెళ్లి గంటసేపు పడుకుంటున్నా. వారంలో నేను నిద్రపోయేది ఆ గంటే."

"అయితే వస్తాను."

"రెండింటికి రా. రెండున్నరకి పలహారం పెడతారు, ఎవరో ఒకరు దగ్గరుండాలి. గొంతుకి అడ్డం పడుతోంది."

తలూపాను. ఆమె కారు తాళాలు వెతుక్కుంటూ వెళ్లింది. నేను మళ్లీ కోటు విప్పి లోపలికి వెళ్లి కూర్చున్నాను.