ఎర్రదీపం తీగ

నేను ఒక కారును. మామూలు కారును కాదని చెప్పుకునే అలవాటు ఇంకా పోలేదు, ఏమీ అనుకోకండి. తోలు సీట్లు, తలుపుల నిండా స్పీకర్లు, గాలి తిత్తుల మీద తేలే ఒళ్ళు. సముద్రాల అవతల పుట్టాను. హైదరాబాదులో ఒక గుండె డాక్టరుగారు నన్ను కొత్తగా కొని కంటికి రెప్పలా చూసుకున్నారు. గ్యారంటీ గడువు తీరగానే ఆయన ప్రేమ తగ్గింది. వయసు మళ్ళిన ఒంటికి ఖర్చు ఎలా పెరుగుతుందో వైద్యుడికి ఒకరు చెప్పాలా? అమ్మేశారు.

అక్కడినుంచి విశాఖపట్నంలో భద్రం అనే బ్రోకరు చేతిలో పడ్డాను. నా బ్రేకులు అరిగిపోతే స్టీరింగు ఎదురుగా ఒక ఎర్రదీపం వెలుగుతుంది. మాటలు రానిదాన్ని, నాకున్న నోరు అదొక్కటే. భద్రం కొనేనాటికే ఆ దీపం వెలుగుతోంది. అతను బ్రేకులు మార్చలేదు. చక్రం దగ్గర తీగ కోసి, రెండు కొసలూ కలిపి ముడేసి, మీద నల్ల టేపు చుట్టాడు. దీపం ఆరిపోయింది. నాకు భయం పట్టుకుంది ఆ రోజే.

నన్ను కొన్నది అనకాపల్లి సన్నాయి విద్వాంసుడు గురుమూర్తి. ఆయన గోడు విడ్డూరంగా ఉంటుంది. ఆటోలో దిగితే పెళ్ళివారు వంటవాళ్ళ దగ్గర కూర్చోమనేవారట. కారులో దిగితే కుర్చీ వేస్తారని ఎవరో చెప్పారు. నిజంగానే వేశారు. చేతిలో ఉన్న విద్యకు దొరకని కుర్చీ చచ్చుపుచ్చు ఇనుముకు దొరికింది. మనుషుల లెక్కలు నాకెప్పుడూ అర్థం కావు.

కుర్చీ అయితే దొరికింది గానీ, నన్ను పోషించడం కొరివితో తల గోక్కోవడమే అయింది. పాతబడితే మా ధర పడిపోతుంది, మా విడిభాగాల ధర పడదు. ముందు ఎడమ తిత్తికి చిల్లు పడి పొద్దున్నే ఒక పక్కకు ఒరిగి కనిపించేదాన్ని. ఆ ఒక్క తిత్తి ఖరీదుకు కొత్త మోటారు సైకిలు వస్తుంది. రేడియేటరు చెమర్చింది. ఏసీ దగ్గింది. శ్రావణమాసపు సంపాదనంతా గ్యారేజీలో పోసి వచ్చేవారు. ఆపైన గేరుబాక్సు జర్కు ఇవ్వసాగింది. "అది గాని పోయిందా, బండి కొన్నంత అవుద్ది గురువుగారూ" అన్నాడు మేస్త్రి. గురుమూర్తి ఆ రాత్రి అన్నం సరిగా తినలేదని మర్నాడు నా వెనక సీట్లో కూర్చుని ఆయన భార్య నాగరత్నం ఎవరితోనో ఫోనులో చెబుతుంటే విన్నాను. పాపం, ఆయన గేరుబాక్సుకు భయపడుతున్నాడు. నా భయం బ్రేకుల గురించి. చెప్పడానికి నోరేదీ?

ఆ మాఘమాసంలో తెల్లవారుజాము ముహూర్తం అరకులో అయింది. అదే రోజు సాయంత్రం ఇంకో పెళ్ళి కొండ కింద శృంగవరపుకోటలో. డోలు వాయించే బావమరిది సూరిబాబు స్టీరింగు పట్టాడు. గురుమూర్తి పక్కన కూర్చున్నాడు. ఘాటు రోడ్డు చూడాలని వచ్చిన నాగరత్నం వెనక సీట్లో డోలుకు చెయ్యి ఆనించి కూర్చుంది.

గురుమూర్తికి ఒక నియమం ఉంది. ముహూర్తానికి వెళ్ళే దారి పొడవునా నా స్పీకర్లలో తంబురా శ్రుతి మోగుతూనే ఉండాలి. చెవి చెదరకూడదంటాడు. మలుపులు మొదలయ్యాయి. సూరిబాబు తొక్కినప్పుడల్లా నా బ్రేకులు కీచుమంటున్నాయి. ప్యాడ్లు అయిపోయి ఇనుముకు ఇనుము రాసుకుంటోంది. దీపం పోయినా గొంతు మిగిలిందని ఆశపడ్డాను. ప్రాణం పెట్టి అరిచాను.

గురుమూర్తి కళ్ళు మూసుకునే నవ్వాడు. "విన్నావేటి సూరీ, బండి కూడా సురుతిలో కలుస్తంది."

నా కేక తంబురాలో కలిసిపోయింది. అంత భయం నేనెన్నడూ పడలేదు.

ఇంతలో గేరుబాక్సు ఒక్క కుదుపు కుదిపింది. సూరిబాబు బెదిరిపోయి, "బావా, దిగుడే గదా. న్యూట్రల్లో ఏసి ఇంజను ఆపేస్తాను. గేరుబాక్సుకి సుఖం, డీజిలూ మిగులుద్ది" అన్నాడు.

"నీకెలా బాగుంటే అలా సెయ్యి" అన్నాడు గురుమూర్తి.

వద్దు నాయనా, వద్దు. ఇంజను ఆగితే నా బ్రేకులకు బలం ఉండదు. ఒకటి రెండు సార్లు తొక్కితే పెడలు రాయైపోతుంది. తాళం తిరిగింది. ఇంజను ఆగింది. ఏసీ ఆగింది. తంబురా కూడా ఆగింది.

ఆ వెంటనే వచ్చిన మలుపులో సూరిబాబు బ్రేకు తొక్కాడు. నిశ్శబ్దంలో నా అరుపు ఒక్కటే వినబడింది.

గురుమూర్తి దిగ్గున కళ్ళు తెరిచాడు. "ఆపు సూరీ. ఇది సురుతి కాదు, ఇనుం అరుస్తంది. బండి ఆపు."

సూరిబాబు మళ్ళీ తొక్కాడు. "బావా, పెడలు దిగట్లేదు. గట్టిపడిపోనాది."

నేను జారుతున్నాను. ఎడమ పక్క లోయ, కుడి పక్క కొండ. నాగరత్నం తమ్ముడి భుజం పట్టుకుని అప్పన్న స్వామిని తలుచుకుంటోంది. నా బరువే వీళ్ళను చంపేసేలా ఉంది.

"కొండకేసి రాసెయ్" అన్నాడు గురుమూర్తి. స్టీరింగు బిగుసుకుపోయింది. సన్నాయి పట్టే చేతులు, డోలు కొట్టే చేతులు కలిసి దాన్ని లాగాయి. ఆపైన గురుమూర్తి హ్యాండ్‌బ్రేకు పట్టి ఎత్తాడు. ఎదురుగా ఏ బస్సూ రాకపోవడం వాళ్ళ అదృష్టం. నా కుడి పక్కంతా రాతిని రాసుకుంటూ పోయింది. అద్దం ఎగిరిపోయింది, తలుపులు లోపలికి పోయాయి, చక్రం కాలువలో దిగింది. ఆగాను.

ముగ్గురూ బతికారు. నాగరత్నం దిగి రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది. సన్నాయి పెట్టె ఒళ్ళో పెట్టుకుని గురుమూర్తి ఆమె పక్కనే కూర్చున్నాడు.

అనకాపల్లి షెడ్డులో మేస్త్రి చక్రం విప్పి, ముడేసిన తీగ చూపించాడు. రిపేరు ఖర్చు చెబితే నా ఖరీదు దాటింది. విషయం ఎలా తెలిసిందో, మూడో రోజున భద్రం వచ్చాడు.

"గురువుగారూ, తుక్కోడికిస్తే ఏటొస్తది? నాకియ్యండి, దానికి మూడింతలిస్తాను. డెంటింగు సేసి, పెయింటేసి నేను సూసుకుంటాను గదా."

మూడింతలు. సూరిబాబు బావ మొహం చూశాడు. నాగరత్నం చీర కొంగు నలుపుతూ తల దించుకుంది. ఆ డబ్బు వాళ్ళకు ఎంత అవసరమో నాకు తెలుసు, గ్యారేజీ మొహాన పోసినదంతా నా కళ్ళ ముందే పోశారు కదా. గురుమూర్తి ఊ అంటాడేమోనని నా భయం. ఊ అంటే నాకు మళ్ళీ రంగు, మళ్ళీ కొత్త బండి పూజకు చక్రాల కింద నిమ్మకాయలు, మళ్ళీ ఆరిపోయిన దీపం. మళ్ళీ ఏదో కొండ దిగుడు.

గురుమూర్తి నా వెనక తలుపు దగ్గరికి వచ్చి, నాగరత్నం కూర్చున్న చోటు కాసేపు చూశాడు.

"నీకిస్తే ఆ సీట్లో రేపు ఇంకొకడి పెళ్ళాం కూకుంటాది భద్రం. వద్దులే" అన్నాడు. "తుక్కోడికి కబురెట్టు సూరీ. బండి నిలువునా కోసేదాకా దగ్గరుండి సూసి రా."

భద్రం గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. నాగరత్నం కొంగు వదిలేసి భర్త పక్కకు వచ్చి నిలబడింది.

ఇప్పుడు తుక్కు యార్డులో ఉన్నాను. సూరిబాబు ఒక డ్రమ్ము మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఇంజను ఇందాకే తీసేశారు. గ్యాసు కట్టరు పట్టుకుని ఒకతను ఇటే వస్తున్నాడు. భయం లేదంటే అబద్ధం, బోలెడంత ఉంది. కానీ ఎన్నాళ్ళ తర్వాతో, ఇది నా ఒక్కదాని గురించిన భయం.