సోమవారం నాటి దశమి

నేను ఒక రాతి పలకను. మార్కాపురం గనిలో పుట్టాను. నాతోపాటు చెక్క చట్రాలు బిగించుకున్నవాళ్లంతా బడిపిల్లల చంకల్లోకి పోతే, నేను పెద్దాపురంలో సూరన్న సిద్ధాంతిగారి వీధి అరుగెక్కాను. ఓనమాలకి బదులు చంద్రుణ్ణి మోయాలని నాకు రాసిపెట్టి ఉంది.

ఆ చంద్రుడంత పెంకివాడు ఇంకొకడు లేడు. ఒకరోజు పరుగు, ఒకరోజు నత్తనడక. ఏ తిథి ఎన్ని గడియలకి వదులుతుందో తేల్చి పంచాంగం కట్టడానికి సిద్ధాంతిగారు ఏడాది పొడవునా నా వీపు అరగదీసేవారు. ఆ అంకెలనిబట్టే జనం ఉపవాసాలుంటారు, పెళ్లిళ్లు చేసుకుంటారు, పోయినవాళ్లకి అన్నం పెడతారు.

ఆయన కళ్లకి మసకలు కమ్మాక బలపం కూతురు మాణిక్యాంబ చేతికొచ్చింది. మొగుడు దేశాలు పట్టిపోతే పుట్టింటికి చేరిన మనిషి. మొదట తండ్రి చెబుతుంటే వేసేది. రెండేళ్లకి ఆయన చెప్పడం కూడా మానేశారు, అవసరం లేక. అచ్చులో పేరు మాత్రం తండ్రిదే. ఆయన పోయాక తమ్ముడు యజ్ఞన్నది. యజ్ఞన్నకి తిథులు వల్లించడం వచ్చు, లెక్క కట్టడం రాదు. అయినా ఉగాదినాడు శాలువా కప్పేది అతనికే. నాకు ఒళ్లు మండేది.

సిద్ధాంతిగారు పోయింది మాఘ బహుళ దశమినాడు. మూడో ఏడు తద్దినానికి చిక్కొచ్చింది. ఆ సోమవారం నవమి ఇరవై ఆరు గడియలదాకా, ఇంచుమించు పొద్దు వాలేదాకా ఉందని మాణిక్యాంబ ఏనాడో తేల్చింది. అంటే మధ్యాహ్నం భోక్తలు తినే వేళకి ఇంకా దశమి రాదు, తద్దినం మంగళవారమే. కానీ పట్నంవాళ్ల పెద్ద పంచాంగంలో పదహారు గడియలకే, మధ్యాహ్నానికే నవమి అయిపోతుందని ఉంది. వాళ్లతో తేడా వస్తే నవ్విపోతారని యజ్ఞన్న అక్కకి చెప్పకుండా పదహారే అచ్చు వేయించాడు. అచ్చయిన పుస్తకం తెరిచి చూసే అలవాటు ఆవిడకి లేదు. సోమవారం రమ్మని భోక్తలకి కబురు వెళ్లాకే సంగతి తెలిసింది.

ఆవిడ నా మీద లెక్కంతా మళ్లీ కట్టి తమ్ముడి ఒళ్లో పెట్టింది. అతను చాలాసేపు చూశాడు. అందులో తప్పు పట్టేంత చదువు లేకపోయినా, అక్క తప్పు చెయ్యదని అతనికి తెలుసు.

“నీ లెక్కే సరైంది అక్కయ్యా. కానీ ఊరందరి చేతిలో నా పేరుతో ఉన్న పుస్తకం సోమవారం దశమని చెబుతుంటే, మనింట్లో మంగళవారం పెడితే ఇంక నా మొహం ఎవరు చూస్తారు?”

“నాన్న నీ పుస్తకం చూసుకుని రాడురా. తిథికి వస్తాడు.”

“పలక తుడిచెయ్యి. భోక్తలు చూస్తే బాగుండదు.”

ఆవిడే తుడిచింది, తడి చెంగుతో. సోమవారం మడి కట్టుకుని వంటంతా ఆవిడే చేసింది. భోక్తలు సుష్ఠుగా తిని, పితృదేవతలు తృప్తిపడ్డారని చెప్పి వెళ్లారు.

ఇప్పుడు నేను అటక మీద ఉన్నాను. ఆవిడ మళ్లీ నా మీద బలపం పెట్టలేదు. యజ్ఞన్న ఏటేటా పట్నంవాళ్లది చూసి అచ్చు వేయిస్తున్నాడు, తేడా ఎవరికీ తెలియలేదు. నాకు మాత్రం ఆ మంగళవారం మరుపు రాదు. ఆ రోజు యజ్ఞన్న పొరుగూరు పెళ్లికి వెళ్లాడు. ఇంట్లో పొయ్యి వెలగలేదు. మాణిక్యాంబ మంచినీళ్లు కూడా ముట్టకుండా, వేళ చూసుకుని వీధి తలుపు బార్లా తీసి, నన్ను ఒళ్లో పెట్టుకుని గడపకి ఎదురుగా కూర్చుంది. చాలాసేపటికి ఆ గడప వైపు చూస్తూ మెల్లగా అంది:

“నిన్ననే పెట్టేశాం నాన్నా. ఇంట్లో ఏమీ లేదు.”