గుప్పెడంత సంచి

గేదెని పరీక్ష చేసినప్పుడల్లా తోక పట్టుకునే పని వీరవేణిది. అంతకుముందు గేదెని రాటకి బిగించి కట్టడం, బకెట్టుతో నీళ్ళు, సబ్బు, తువ్వాలు తెచ్చి పెట్టడం, అది బెదరకుండా మెడ నిమురుతూ ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండడం కూడా ఆవిడ పనే. డాక్టరుతో మాట్లాడే పని మాత్రం మొగుడు చంద్రరావుది.

ఆ రోజు పశువుల డాక్టరు సాయిప్రసన్న భుజందాకా ప్లాస్టిక్ గ్లౌజు తొడుక్కుని, కళ్ళు ఎటో పెట్టి, వేళ్ళతోనే లోపలంతా చూస్తున్నట్టు నిలబడి ఉంది. కాకినాడకి బస్సులో గంట దూరంలో ఉన్న ఆ ఊరికి ఆమె వచ్చి ఏడాది కాలేదు. ఆడపిల్ల ఈ పనేం చేస్తుందిలే అని మొదట్లో అరుగు మీద కూర్చుని నవ్విన చంద్రరావే ఇప్పుడు మాట మాటకీ డాక్టరమ్మగారూ అంటున్నాడు. కారణం ఆ ముర్రా గేదె. రెండో ఈత తర్వాత ఎదకు వచ్చినప్పుడల్లా మేలుజాతి దున్న వీర్యం వేయిస్తున్నా చూడి నిలవడం లేదు. బేరగాడు సత్తియ్య కోతకి తోలేద్దామని వారానికోసారి వచ్చి పళ్ళు చూసి పోతున్నాడు.

"గర్భసంచి మంచిదేనండి" అంది సాయిప్రసన్న చెయ్యి బయటికి తీస్తూ. "కాస్త చీము పట్టింది. మందుతో కడుగుదాం. తగ్గాక ఎదకు రావడానికి ఇంజక్షన్ ఇచ్చి, అప్పుడు మళ్ళీ వేద్దాం. తొందరపడి అమ్మేయకండి."

చంద్రరావు అడగడం మొదలుపెట్టాడు. చీము ఎందుకు పడుతుంది, కడిగితే మళ్ళీ రాదా, ఇంజక్షన్ ఇస్తే వేడి చేస్తుందా, పాలు తగ్గుతాయా, ఒకసారికి కుదరకపోతే ఎన్నాళ్ళు ఆగాలి, ఇంకేదైనా దారి ఉందా. డాక్టరు ఓపిగ్గా చెబుతోంది. తోక వదిలేసి చేతులు కడుక్కుంటున్న వీరవేణి ఆయన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట ఇన్ని ప్రశ్నలు ఒక్కసారిగా ఎప్పుడూ వినలేదు. కోపం రాలేదు. ఈయనకి అడగడం వచ్చునే, అని ఆశ్చర్యం వేసింది.

వీరవేణికి ఇరవై ఏడేళ్ళప్పుడు తెల్లబట్ట అవుతోందనీ, నడుం లాగేస్తోందనీ టౌన్లో ఒక నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళారు. స్టూలు మీద కూర్చున్నది ఆమే అయినా, డాక్టరు మాట్లాడింది వెనకాల నిలబడ్డ చంద్రరావుతో. సంచి పాడైపోయింది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది, తీసేద్దాం అన్నాడు. చంద్రరావు ఒక్కటే అడిగాడు, ఎన్నాళ్ళకి పనిలోకి వస్తుందండీ అని. ఇద్దరు పిల్లలు పుట్టాక ఆ సంచితో పనేముంది, పీడా పోతుంది అంది అత్తగారు శ్యామలాంబ. తీసేశాక దాన్ని ట్రేలో పెట్టి వరండాలోకి తెచ్చి ఆయనకీ అత్తగారికీ చూపించారట. మత్తులో ఉన్న తను తప్ప కావలసిన వాళ్ళందరూ చూశారు. ఎలా ఉందండీ అని ఇంటికొచ్చాక అడిగితే, ఎలా ఉంటే నీకెందుకు, చూసి ఏం చేస్తావు అన్నాడు.

ఏం చేస్తుందో ఆమెకీ తెలియదు. కానీ తెలుసుకోవాలన్న కోరిక మాత్రం పోలేదు. గంజి వార్చేటప్పుడో, పొట్లకాయ తరిగేటప్పుడో ఉన్నట్టుండి మనసు అటు పోయేది. కొబ్బరికాయంత ఉంటుందా? ఇద్దరు బిడ్డలు పట్టారంటే గుమ్మడికాయంత ఉండొద్దూ? ఏ రంగు? తీసేసిన చోట ఇప్పుడేముంది, ఖాళీగా ఉంటుందా, పేగులు సర్దుకుంటాయా? పొయ్యి దగ్గర ఉండగా చెవుల్లోంచి ఆవిరి ఎగదన్నినట్టు ఒళ్ళంతా వేడెక్కి, పుష్యమాసంలో కూడా జాకెట్టు తడిసిపోయేది. కాసేపు గుమ్మంలో కూర్చుంటే, మొదలెట్టిందమ్మా అనేది శ్యామలాంబ. ఎవరినడగాలో తెలియక ఆ ప్రశ్నలన్నీ తనలోనే దాచుకుంది.

ఇప్పుడు ఆ ఇంట్లో అవే మాటలు మళ్ళీ వినపడుతున్నాయి. ఈసారి తోడికోడలు లావణ్య గురించి. మరిది ఉదయభాస్కర్ భార్య, పాతికేళ్ళు నిండలేదు, చిన్నపిల్లకి ఇంకా పాలు మాన్పలేదు. అదే తెల్లబట్ట, అదే నడుం నొప్పి, అదే నర్సింగ్ హోమ్. వచ్చే శుక్రవారం సంచి తీసే పెద్దాపరేషన్ అని నిశ్చయించారు. నీకు తోడుగా వీరవేణి వస్తుందిలే అని శ్యామలాంబ లావణ్యకి ధైర్యం చెప్పింది.

కడిగాక, మందులు వాడాక, ఆ శుక్రవారానికి ముందే గేదె ఎదకు వచ్చింది. చంద్రరావు రైసు మిల్లుకి పోయి ఉన్నాడు. వీరవేణే కబురు పెట్టింది. సాయిప్రసన్న స్కూటర్ వెనకాల కట్టుకొచ్చిన డబ్బా మూత తీస్తే తెల్లటి పొగ నేల మీదికి జారింది. అందులోంచి పెన్నులో రీఫిల్లు లాంటి సన్నటి వీర్యపు గొట్టం తీసి గోరువెచ్చని నీళ్ళలో ముంచింది.

"అంత చలిలో చచ్చిపోవాండీ అవి?" అంది వీరవేణి.

"చావవండి. నిద్రపోతున్నట్టు ఉంటాయి. వేడి తగిలితే లేస్తాయి."

చంద్రరావు లేడు కాబట్టి ప్రశ్నలన్నీ తనవే అయ్యాయి. ఏ ఊరి దున్న, ఎన్నేళ్ళు నిలవుంటాయి, లోపల ఎక్కడ వేస్తారు, చూడి నిలిచిందని ఎప్పుడు తెలుస్తుంది. రెండు నెలలు ఆగాలండి అని చెప్పి, పని ముగించి గ్లౌజు తీయబోతున్న సాయిప్రసన్నని ఆపి, నేనూ ఒకసారి చెయ్యి పెట్టి చూడొచ్చా అండీ అని అడిగేసింది. అడిగాక సిగ్గేసింది. సాయిప్రసన్న నవ్వలేదు. కొంచెం ఆలోచించి, గాజులు తీయించి, కొత్త గ్లౌజు తొడిగించి, సబ్బునీళ్ళు రాసి, తోక తను పట్టుకుంది.

లోపల ఎంత వెచ్చగా ఉందో. మొదట ఏమీ తెలియలేదు. కింద గోడ మీదుగా మెల్లిగా అరచెయ్యి పెట్టండి, నొక్కకండి అంటోంది డాక్టరు. అప్పుడు తగిలింది. మెత్తగా, మెలితిరిగిన రెండు కొమ్ముల్లా. చెయ్యి తగలగానే అది నెమ్మదిగా బిగుసుకుంది. ఉలిక్కిపడి చూసింది వీరవేణి.

"ఎదలో ఉన్నప్పుడు అలాగే బిగుస్తుందండి. మరేం కాదు."

చెయ్యి కడుక్కుంటూ అడిగింది. "చీము పడితే గేదెకి సంచి తీసేయరా అండీ?"

"తీసేస్తే దూడ ఎక్కణ్ణుంచి వస్తుందండి? కడుగుతాం, మందు వేస్తాం, ఆగుతాం."

"మరి ఈతలన్నీ అయిపోయాక?"

"అప్పుడు మాత్రం ఎందుకు? దాని మానాన అది ఉంటుంది."

"నాకు తీసేశారండి" అంది వీరవేణి. "ఎంతుంటుందో కూడా తెలియదు."

సాయిప్రసన్న తువ్వాలు మడతపెట్టడం ఆపింది. "నేను పశువుల డాక్టర్నండి. మీకు ఎందుకు తీశారో నేను చెప్పలేను. కానీ కడుపుతో లేనప్పుడు గుప్పెడంత ఉంటుంది. మీ గుప్పెడంతే. దానికి చెరోపక్కా బాదంగింజల్లాంటివి రెండు, అండాశయాలు. అవీ తీశారో లేదో కాకినాడ పెద్దాసుపత్రిలో అడగండి. అడిగితే చెబుతారు."

ఆమె వెళ్ళిపోయాక వీరవేణి కుడితి తొట్టి పక్కన నిలబడి చెయ్యి మూసి చూసుకుంది. ఇంతేనా. ఇంత చిన్నదా. ఇందులోనా ఇద్దరూ పెరిగింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది గానీ రాలేదు. ఎన్ని తీసేశారో కూడా తనకి తెలియదన్నమాట అనుకుంది. అటు చూస్తే పెరట్లో లావణ్య గిన్నెలు తోముతోంది.

వెళ్ళి పక్కన పీట వేసుకుని, తను విన్నదంతా చెప్పింది. చెప్పి, "నీకేమనిపిస్తోంది అమ్మాయ్?" అంది. లావణ్య తోముతున్న గిన్నె కింద పెట్టింది. ఆ మాట ఇప్పటిదాకా తననెవరూ అడగలేదు. భయంగా ఉందక్కా అంది. తీయించుకోవాలని లేదంది. రేపు కాకినాడ వెళ్దాం, వస్తావా అని అడిగితే, వస్తానంది.

అన్నం, కూర వండి మూతలు పెట్టి, పాలు మానని చిన్నదాన్ని చంకన వేసుకుని పొద్దున బస్సుకే వెళ్ళారు. పెద్దాసుపత్రిలో పెద్దావిడ ఒక డాక్టరమ్మ లావణ్యని పరీక్ష చేసి, స్కానింగు తీయించి, సంచి బాగానే ఉంది, ఇన్‌ఫెక్షనే అంది. మాత్రలు రాసింది, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వాడాలంది. చంద్రరావు గేదె గురించి అడిగినవన్నీ వీరవేణి అక్కడ ఒక్కటొక్కటిగా అడిగింది, పాలు తగ్గుతాయా అన్నదానితో సహా. డాక్టరమ్మ అన్నిటికీ చెప్పి, మరి మీ సంగతేంటమ్మా అంది. వీరవేణి పొట్ట మీది మచ్చ చూపించింది. ఆమెకీ స్కానింగు తీయించి చూసి, అండాశయాలు కూడా లేవమ్మా, ఆ వేడీ చెమటలూ అందుకే, ఎముకలు గుల్లబారకుండా మందు రాస్తాను, వాడు అంది. తన ఒంట్లో సంగతి ఇంకొకరు తన మొహం చూస్తూ తనకే చెప్పడం వీరవేణికి అదే మొదటిసారి.

ఇంటికొచ్చేసరికి అందరూ వరండాలోనే ఉన్నారు. మాత్రలు ఉదయభాస్కర్ చేతికిచ్చింది వీరవేణి. నువ్వు కూడా వాడాలట అంటే అతను తలదించుకుని తీసుకున్నాడు. శ్యామలాంబ మొహం తిప్పుకుంది. చంద్రరావు లేచి నిలబడ్డాడు.

"ఎవరినడిగి తీసుకెళ్ళావు?"

"లావణ్యనడిగానండి" అంది వీరవేణి.