నౌకలో నాలుగు కుర్చీలు

గిన్నె అడుగున మాడిన పాలు గోకుతుండగా గుర్తొచ్చింది, పొద్దున నేను పంపిన సినిమా ఫైల్లో కెప్టెన్‌కి డాక్టరమ్మ ఇచ్చిన జవాబు ఆవిడది కాదని. పీచు చేతిలోంచి జారి సింకులో పడింది. తడిచేతులతోనే హాల్లోకి పరుగెత్తాను. ఇస్త్రీ బల్లే నా ఆఫీసు. దాని మీదున్న లాప్‌టాప్ తెరిచి చూస్తే ఫైలు పక్కన తాళం బొమ్మ, కింద ‘సమీక్షలో ఉంది’ అన్న మాట. ఇక నేను వేలు కూడా పెట్టలేను.

నేను సినిమాలకి సబ్‌టైటిళ్లు రాస్తాను. ఈ మధ్య నా వంతుకి వచ్చేవన్నీ మా అమ్మ పుట్టకముందు తీసిన అంతరిక్ష సాహసాలు. వాటిని చూసి నవ్వేవాళ్లే ఎక్కువ. నక్షత్రాలు నల్లగుడ్డకి పెట్టిన చిల్లులని తెలిసిపోతూ ఉంటుంది, నౌకని లాగే దారం ఒక్కోసారి తళుక్కుమంటుంది, రాక్షసుడు వెనక్కి తిరిగితే వీపు మీద జిప్పు కనిపిస్తుంది. నాకు మాత్రం అవి ప్రాణం. ఎందుకంటే ఆ నౌకకి తలుపుంటుంది. అది సుయ్యిమని మూసుకుందంటే ఇక తట్టేవాళ్లుండరు. ఏ ఆపదొచ్చినా దానికో ఎర్ర మీట ఉంటుంది, నొక్కితే సరిపోతుంది. గుండ్రటి కిటికీలో భూమి చిన్నదవుతుంటే దాంతోపాటు మా వంటిల్లూ, నానబెట్టిన బట్టలూ, సాయంత్రానికి ఏం వండాలన్న ఆలోచనా చిన్నవైపోతాయి. అప్పుడు నాకు ఊపిరాడుతుంది. పదకొండు సినిమాలు చేశాను, ఒక్క నౌకలోనూ వంటిల్లు చూపించలేదు. తిండి గోడలోంచి వస్తుంది. ఆ గోడ వెనక ఎవరో ఒకావిడ ఉండే ఉంటుందని నా అనుమానం.

ఈ సినిమా చేస్తున్నప్పుడు ఒకరోజు అత్తయ్య మోకాళ్లకి మందు రాసుకుంటూ నా పక్కన కూర్చుంది. “ఈ సినిమాలకి కూడా మాటలు రాసేవాళ్లుంటారా?” అంది. ఆ మాట ఎప్పుడూ అనేదే. కాసేపు చూసి మళ్లీ తనే అంది, “ఆ పిల్ల మొదట్నుంచీ నిలబడే ఉందేంటే? కూర్చోమని ఒక్కళ్లూ అనరేం?” నేనప్పటికి ఆ సినిమా మూడుసార్లు చూశాను, ఆ సంగతి పట్టించుకోలేదు. వెనక్కి తిప్పి లెక్కపెట్టాను. నౌకలో ఐదుగురు, కుర్చీలు నాలుగు. కుర్చీ లేనిది డాక్టరమ్మకి. ఆ కొత్త గ్రహాన్ని కనిపెట్టిందే ఆవిడని మొదట్లో ఒకసారి చెప్పి, తర్వాత వాళ్లే మర్చిపోయారు.

పొద్దున జరిగింది ఇదీ. కెప్టెన్ కుర్చీ తిప్పి, “డాక్టర్, వేడిగా తాగడానికి ఏమైనా దొరుకుతుందా?” అంటాడు. “తప్పకుండా, కెప్టెన్” అని ఆవిడ చేతిలో పని వదిలేసి వెళ్తుంది. సరిగ్గా ఆ చోట ఉండగా గదిలోంచి మా ఆయన పిలిచారు. ఆయనా ఇంట్లోంచే పని చేస్తారు, తలుపున్న గదిలో. “ఖాళీయేగా, కాస్త టీ పెట్టవూ?” అన్నారు. పని చేస్తున్నా ఒక చెవి ఎప్పుడూ బయటే పడేసుకుంటాను, అలా ఉండకపోతే ఏమవుతుందో పెళ్లయిన కొత్తలోనే తెలిసింది. “ఆఁ, తెస్తున్నా” అంది నా నోరు. నా వేళ్లు మాత్రం డాక్టరమ్మ జవాబు ఉండాల్సిన చోట ‘పనిలో ఉన్నాను. మీరే పెట్టుకోండి’ అని టైపు కొట్టేశాయి. లేచి టీ పెట్టాను. తిరిగొచ్చి తర్వాతి మాట నుంచి అందుకున్నాను. పదకొండింటికి పంపేశాను.

మేం రాసే సబ్‌టైటిళ్లన్నీ కంపెనీలో ఒకావిడ సరిచూస్తుంది. తప్పు కనిపిస్తే ఎర్రగీత పెడుతుంది, అందుకే మేమంతా ఆవిణ్ణి ఎర్రగీత గారు అనుకుంటాం. నాకు ఇప్పటికే రెండు గీతలున్నాయి. ఒకసారి చెప్పాపెట్టకుండా చుట్టాలొచ్చి పని ఆలస్యమైంది. ఇంకోసారి కుక్కర్ కూతలు లెక్కపెడుతూ ఒక సంభాషణ మొత్తం వదిలేశాను. మూడోది పడితే జాబితాలోంచి పేరు తీసేస్తామని ఉత్తరం వచ్చింది. అది చూపిస్తే మా ఆయన, “పోతే పోయిందిలే, నీకూ కాస్త రెస్టు” అన్నారు. రెస్టంట. ఈ పని పోతే నాకు ఆ నౌక తలుపు పోతుంది. తర్వాత రోజంతా నేను ఖాళీయే, ఎవరు పిలిస్తే వాళ్లకి.

కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఆరేసిన బట్టలు తెచ్చి, ఎక్కడ పెట్టానో నేనే వెతుక్కున్నాను. ఫోను కుయ్యిమన్నప్పుడల్లా పరుగెత్తి చూశాను. ఏమని చెప్పుకోను? కీబోర్డు పాడైందనా, ఒంట్లో బాగాలేదనా? అన్నం తింటూ మా ఆయన, “మొహం అలా ఉందేం?” అని అడిగారు. ఏం లేదన్నాను. “మళ్లీ ఆ అట్టపెట్టెల సినిమాలేనా? అవి కాస్త ఆగితే కొంపలేం మునిగిపోవు” అని, కూర ఉప్పగా ఉందని పక్కకి నెట్టారు. అత్తయ్య మాత్రం మొత్తం తినేసింది.

నాలుగింటికి వచ్చింది జవాబు. తెరవడానికి భయమేసి ముందు మంచినీళ్లు తాగాను.

‘మాట బాగుంది. నిడివి కూడా సరిపోయింది. కానీ ఆమె ఆ మాట అనలేదు కదా. పొరపాటేనా, కావాలని రాశారా? ఇలాంటివి ఇంకేమైనా దొర్లాయేమో చివరిదాకా చూసుకుని నాలుగున్నరలోగా పంపండి. అప్పుడు తప్పు కింద రాయను.’

రెండుసార్లు చదివాను. ఏడుపొచ్చింది, నవ్వు కూడా వచ్చింది. ఇన్నాళ్లుగా వేరేవాళ్ల మాటలు రాస్తున్నాను. నా సొంత మాట ఒకటి బాగుందని ఎవరైనా అనడం ఎప్పటి సంగతో నాకు గుర్తులేదు. ఆమె అనలేదు, నిజమే. నేను కూడా అనలేదు. పద్నాలుగేళ్ల కాపురంలో ఒక్కసారి కూడా అనలేదు.

ఫైలు పక్కన ఇప్పుడు తాళం బొమ్మ లేదు. పొరపాటేనని జవాబిచ్చి పనిలో పడ్డాను. ఆ వాక్యం చెరపడానికి నిజంగా చెయ్యి రాలేదు. కానీ డాక్టరమ్మ ఎప్పుడో, మా అమ్మ పుట్టకముందే తలూపి వెళ్లిపోయింది, ఆవిడ తరఫున నేనిప్పుడు ఎదురు చెప్పలేను. ‘తప్పకుండా, కెప్టెన్’ అని కొట్టాను. తెర మీద ఆవిడ ఎప్పట్లాగే పని వదిలేసి వెళ్లింది. సినిమా ఆపేసి, మాటలు మాత్రం మొదటి నుంచీ గబగబా చూసుకుంటూ వచ్చాను. నాలుగు పద్దెనిమిది. ఇంకా మూడోవంతు మిగిలింది.

“టీ టైమైంది, ఏం చేస్తున్నావక్కడ?” అని గదిలోంచి వినిపించింది.

సోఫాలో కునుకు తీస్తున్న అత్తయ్య కళ్లు తెరిచి నా వైపు చూసింది. నా కాళ్లు అలవాటుగా చెప్పుల కోసం వెతుక్కున్నాయి. టీకి పది నిమిషాలు. కప్పు కడిగి, ఆయనకిచ్చి, ‘చక్కెర తక్కువైంది’ అనిపించుకుని వచ్చేసరికి నాలుగున్నర దాటుతుంది. 

“పనిలో ఉన్నాను. మీరే పెట్టుకోండి.”

నా గొంతు నాకే సన్నగా వినిపించింది. గదిలో కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. తలుపు తెరుచుకుంది.

“ఏంటీ?” అన్నారాయన.

విన్నారు. వినబడిందని ఆయన మొహమే చెబుతోంది. నేను కుర్చీ ముందుకి లాక్కుని, తెర మీంచి కళ్లు తిప్పకుండా, అదే మాట రెండోసారి అన్నాను.